పడేవాడికి కుదుపు ఉండదు: వైట్‌ఫీల్డ్ వైపు ఒక మాల్‌లో బ్లాక్ హోల్ వీఆర్ షో, రివ్యూ

ముందే చెప్పేస్తాం. టికెట్ డబ్బులకు బొమ్మ న్యాయం చేస్తుంది, కుర్చీ చెయ్యదు. వైట్‌ఫీల్డ్ వైపు ఒక మాల్ పై అంతస్తులో, గేమింగ్ జోన్ పక్కన నడుస్తున్న బ్లాక్ హోల్ వీఆర్ షో గురించి ఇది. పేరు రాయడం లేదు. ఇలాంటి మోటార్ కుర్చీల షోలు బెంగళూరులో ఇంకా ఉన్నాయి, ఎక్కడికి వెళ్లినా చూసుకోవాల్సినవి దాదాపు ఇవే. టికెట్ ధర మల్టీప్లెక్స్ సినిమా కంటే కాస్త ఎక్కువ, షో పదకొండు నిమిషాలు, ఆరు కుర్చీలు.

కౌంటర్‌లో రెండు ప్రశ్నలు అడుగుతారు: భాష ఏది, బిలం (అంటే బ్లాక్ హోల్) ఏది. ఇంగ్లీష్, కన్నడ, హిందీతో పాటు తెలుగు కూడా ఉంది. చుట్టుపక్కల మారతహళ్లి, బ్రూక్‌ఫీల్డ్‌లో ఉండే తెలుగు జనాన్ని చూసే పెట్టి ఉంటారు. బిలాలు రెండు రకాలు. ‘చిన్నది’ పది సూర్యుల బరువున్నది. ‘పెద్దది’ మన పాలపుంత నడిమధ్యలో ఉన్న సాజిటేరియస్ ఎ స్టార్, దాదాపు 43 లక్షల సూర్యుల బరువు. మూడో ప్రశ్న వాళ్లు అడగరు, మనమే అడగాలి: కుర్చీ మోటార్ ఏ లెవెల్లో ఉంది? సున్నా నుంచి మూడు దాకా ఉంటుంది. అడక్కపోతే మూడులోనే నడిపేస్తారు.

సున్నాలో పెట్టించుకోండి. అక్కడి ఆపరేటర్ చిత్తూరు కుర్రాడు, అడిగితే కాదనడు గానీ ఒక మాట అంటాడు: “అట్లయితే మజా ఉండదు సార్, తర్వాత మమ్మల్ని అంటే కష్టం.” అననని చెప్పి కూర్చోండి. ఎందుకంటే బ్లాక్ హోల్‌లోకి పడే మనిషికి మొట్టమొదట తెలిసేది ఏమీ తెలియకపోవడమే. అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తులో భూమి లాగుడు నేల మీద ఉన్నదాంట్లో 90 శాతం దాకా ఉంటుంది. అయినా వ్యోమగాములు తేలుతూనే ఉంటారు. స్టేషన్, మనిషి, చేతిలోని స్పూను అన్నీ ఒకే తీరున పడుతుంటాయి కాబట్టి ఏదీ దేన్నీ నొక్కదు. బ్లాక్ హోల్ దగ్గరా ఇదే సూత్రం. కాంతి వేగానికి దగ్గరపడుతున్నా సరే, రాకెట్ వెలిగించనంతసేపు వీపు కుర్చీకి అతుక్కోదు, సీటు కింద కంపనం రాదు. ఈ షోలో మాత్రం తెర మూల స్పీడు అంకె పెరిగే కొద్దీ కుర్చీ వెనక్కి వాలుతుంది, తర్వాత గడగడలాడుతుంది. అంటే రాకెట్ మండుతున్న మనిషి అనుభవాన్ని తెచ్చి, పడుతున్న మనిషికి అంటగట్టారు.

కదలని కుర్చీ కూడా పూర్తి నిజమేమీ కాదు, కింద భూమి లాగుతూనే ఉంటుంది. కనీసం లేని కుదుపును కలపదు. పైగా తల తిరుగుడు కూడా తగ్గుతుంది. కళ్లు చూసే కదలికకూ లోపలి చెవి పట్టే కదలికకూ పొంతన కుదరనప్పుడే వికారం మొదలవుతుంది. ఈ కుర్చీ బొమ్మతో జత కలవకుండా అర క్షణం ఆలస్యంగా ఊగుతుంది, అందుకే బయటికొచ్చేవాళ్లలో చాలామంది మొహాలు పాలిపోయి కనిపిస్తాయి.

హెడ్‌సెట్ సంగతి కాస్త వివరంగా. బొమ్మ బాగాలేదని తిట్టేవాళ్లలో సగంమంది అసలు బొమ్మను సరిగ్గా చూడలేదనే మా అనుమానం. వెనక పట్టీ తల వెనక ఉబ్బు కింద కూర్చోవాలి, బరువు బుగ్గల మీద పడకూడదు. అక్షరాలు మధ్యలో స్పష్టంగా ఉండి అంచుల్లో అలుక్కుపోతే హెడ్‌సెట్‌ను పైకీ కిందికీ జరిపి చూడండి, ఆ తర్వాతే పట్టీ బిగించండి. రెండు లెన్సుల మధ్య దూరం కూడా మార్చుకోవచ్చు: ఇక్కడివాటికి 58, 63, 68 మిల్లీమీటర్ల మూడు మెట్లున్నాయి. పెద్దవాళ్ల కళ్ల మధ్య దూరం సగటున 63 దగ్గర ఉంటుంది. కళ్లజోడు చీటీ మీద ‘పీడీ’ అని రాసిన అంకె మీ కొలత, దానికి దగ్గరి మెట్టు అడగండి. ఇది తప్పితే నక్షత్రాలు జంటలుగా కనిపిస్తాయి. కాంతి వంగడం వల్ల బ్లాక్ హోల్ పక్కన నిజంగానే ఒకే నక్షత్రం రెండు చోట్ల కనిపించాలి కాబట్టి ఏది భౌతికశాస్త్రమో ఏది పట్టీ లోపమో తేల్చుకోలేరు. ఏసీ కింద చల్లబడ్డ లెన్సుకు మొహం వేడి తగిలితే ఆవిరి పడుతుంది. పెట్టుకున్నాక ఒక నిమిషం ఆగి షో మొదలుపెట్టమనండి. మైక్రోఫైబర్ గుడ్డ అడిగితే ఇస్తారు. శానిటైజర్ తడిపిన టిష్యూతో తుడవబోతే ఆపండి, లెన్సు పై పూత పోతుంది.

ఇక బిలం ఎంపిక. పెద్దదే తీసుకోండి. చిన్నదాన్ని ఎంచుకుంటే మొదటి నిమిషంలోనే షో అబద్ధమైపోతుంది. పది సూర్యుల బిలానికి ఘటనా దిగంతం, అంటే వెనక్కి తిరిగి రాలేని హద్దు, కేంద్రం నుంచి 30 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బెంగళూరు నడిబొడ్డున మెజెస్టిక్ దగ్గర కేంద్రం పెడితే హద్దు నేలమంగల దాటాక పడుతుంది. అంత చిన్న జాగాలో అంత బరువు ఉంటే తలకూ పాదాలకూ మధ్య లాగుడులో తేడా భయంకరంగా ఉంటుంది. కాళ్లు ముందుగా పడుతున్న రెండు మీటర్ల మనిషికి కేంద్రం ఇంకా 3,800 కిలోమీటర్లు ఉండగానే ఆ తేడా భూమి గురుత్వానికి పది రెట్లు అవుతుంది. హద్దు దగ్గరికి వచ్చేసరికి రెండు కోట్ల రెట్లు. ఈ షోలో మనిషి చెక్కుచెదరకుండా హద్దు దాటి, లోపల చుట్టూ తిరిగి చూసి, అప్పుడు సాగడం మొదలుపెడతాడు. చిన్న బిలంలో హద్దును చూడటానికి మనిషే మిగలడు.

పెద్దదానిలో లెక్క తిరగబడుతుంది. 43 లక్షల సూర్యుల బిలం హద్దు అడ్డంగా 2.5 కోట్ల కిలోమీటర్లు. అక్కడ తలకూ పాదాలకూ తేడా భూమి గురుత్వంలో తొమ్మిది వేలో వంతు. ఒంటికి తెలియదు. బిలం ఎంత పెద్దదైతే హద్దు అంత మెత్తగా ఉంటుందన్నది ఈ విషయంలో అందరూ తలకిందులుగా ఊహించుకునే మాట, దీన్ని షో ఒక్క వాక్యంలోనైనా చెప్పి ఉండాల్సింది.

దగ్గరికి వెళ్లే భాగం, అంటే మొదటి నాలుగు నిమిషాలు, నిజంగా బాగుంది. వేడి వాయువు పళ్లెం బిలం చుట్టూ తిరుగుతుంటుంది. వెనక భాగం నుంచి వచ్చే కాంతి వంగి పైనుంచీ కిందినుంచీ కనిపించడం వల్ల పళ్లెం టోపీ పెట్టుకున్నట్టు లేస్తుంది. మనవైపు దూసుకొచ్చే పక్క ప్రకాశంగా, దూరంగా పోయే పక్క మసగ్గా ఉండాలి, అలాగే ఉంది. ఒక పక్క డల్‌గా ఉంది, డిస్‌ప్లే పోయినట్టుంది అని కస్టమర్లు ఫిర్యాదు చేస్తుంటారట. దయచేసి ఎవరూ దాన్ని బాగుచెయ్యకండి, ఈ షోలో అన్నిటికంటే సరిగ్గా ఉన్నది అదే. మధ్యలోని నల్లటి నీడ అంచును ఆనుకుని సన్నని కాంతి వలయాలు రావాలి, వచ్చాయి. కాకపోతే తల కదిపినప్పుడు మిణుకుమిణుకుమంటాయి. అప్పటికప్పుడు గేమ్ ఇంజిన్ గీసే బొమ్మకు అంత సన్నని గీతలు పట్టడం కష్టం.

కొలబద్దగా ఒకటి పెట్టుకోవచ్చు. 2024 మేలో నాసా గొడార్డ్ సెంటర్ నుంచి జెరెమీ ష్నిట్‌మన్ బృందం ఇదే 43 లక్షల సూర్యుల బిలంలోకి కెమెరా పడే దృశ్యాన్ని విడుదల చేసింది. డిస్కవర్ అనే సూపర్ కంప్యూటర్ మీద దాని 1,29,000 ప్రాసెసర్లలో 0.3 శాతం మాత్రమే వాడితే ఐదు రోజులు పట్టింది, 10 టెరాబైట్ల డేటా వచ్చింది. మామూలు ల్యాప్‌టాప్ మీద పదేళ్లకు పైగా పట్టేదట. మాల్‌లోని హెడ్‌సెట్‌ను దానితో పోల్చి తక్కువ చెయ్యడం న్యాయం కాదు. అయితే షోలో దిద్దాల్సిన పెద్ద తప్పులకు సూపర్ కంప్యూటర్ అక్కర్లేదు, రెండు సూత్రాలు మారిస్తే చాలు.

మొదటి తప్పు హద్దు దగ్గర. షోలో హద్దు సమీపించే కొద్దీ నలుపు ముందునుంచి పక్కలకూ, పక్కలనుంచి వెనక్కీ పాకి, ఆఖరికి ఆకాశమంతా వీపు వెనక ఒక చిన్న గుండ్రంగా మిగులుతుంది. చూడటానికి గుండె ఝల్లుమంటుంది గానీ ఆ దృశ్యం కనిపించేది పడుతున్నవాడికి కాదు. రాకెట్ పూర్తి బలంతో మండిస్తూ హద్దు పైన కదలకుండా నిలబడ్డవాడికి. అలా నిలబడ్డవాడు హద్దు వ్యాసార్థానికి ఒకటిన్నర రెట్ల దూరంలో ఉంటే నలుపు సరిగ్గా సగం ఆకాశాన్ని ఆక్రమిస్తుంది, ఇంకా దిగితే వెనక్కి మూసుకొస్తుంది. పడుతున్నవాడి వేగం వల్ల వాడికి చేరే కాంతి దిశ మారి ఆకాశమంతా ముందువైపు జరుగుతుంది, నలుపు కుంచించుకుపోతుంది. దూరం నుంచి నిశ్చలంగా బయలుదేరి నేరుగా పడితే హద్దు దాటే క్షణాన ఆ నలుపు మధ్య గీత నుంచి నలువైపులా 42 డిగ్రీలే, అడ్డంగా 84. అంటే ఆకాశంలో సగం కూడా కాదు. పరీక్ష చాలా తేలిక: హద్దు దాటుతున్నప్పుడు తల పూర్తిగా ఎడమకు తిప్పండి. అక్కడ నక్షత్రాలు కనిపించాలి. ఈ షోలో కనిపించవు. నిలబడ్డవాడి సూత్రానికి పడేవాడి వేగాన్ని జోడించడం మర్చిపోయారు.

హద్దు దాటేటప్పుడు షోలో ఒక గాజు పొర పగిలినట్టు మెరుపు వస్తుంది. అక్కడ పొర లేదు, గోడ లేదు. దాటామని తెలిపే గుర్తేదీ ఆ చోట ఉండదు.

రెండో తప్పు గడియారాలది. ఇది చాలామంది నమ్మేదే కాబట్టి పాపం వాళ్లను మాత్రమే అనలేం. వెనక్కి చూస్తే నక్షత్రాలు పుట్టి చచ్చిపోతుంటాయి, కోట్ల ఏళ్లు కళ్లముందు గిర్రున తిరుగుతాయి, “విశ్వం అంతం వరకు మీరే సాక్షి” అని వ్యాఖ్యానం. రాకెట్ మీద హద్దు పైన నిలబడ్డవాడికి బయటి కాలం వేగంగా నడుస్తున్నట్టు కనిపించే మాట నిజమే. పడుతున్నవాడు మాత్రం వెనకనుంచి వచ్చే కాంతికి దూరంగా పరిగెడుతున్నాడు. రెండు ప్రభావాలూ కలిపి లెక్కేస్తే, నేరుగా పడేవాడికి హద్దు దగ్గర సరిగ్గా వెనకనున్న గడియారం సగం వేగంతో నడుస్తున్నట్టు కనిపిస్తుంది. వేగంగా కాదు, నెమ్మదిగా! అదే లెక్కన వెనకనున్న నక్షత్రాల కాంతి తరంగదైర్ఘ్యం రెండింతలై నీలం కంటికి కనిపించని పరారుణంలోకి (ఇన్‌ఫ్రారెడ్) జారిపోతుంది. సాక్షిగా చూడ్డానికి విశ్వం అంతం ఏదీ రాదు.

బయటినుంచి చూసేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పడుతున్నవాడు హద్దు దగ్గర నెమ్మదించి, ఎర్రబడి, మసకబారి మాయమవుతాడు. ఈ బిలానికైతే చివర్లో ప్రతి 85 సెకన్లకూ తరంగదైర్ఘ్యం సుమారు 2.7 రెట్లు సాగుతుంది కాబట్టి అంతా నిమిషాల్లో ముగుస్తుంది. షోలో దీన్ని పక్కన చిన్న కిటికీలో చూపించారు, సరిగ్గానే చూపించారు. దగ్గర తిరిగి వెనక్కి వచ్చేవాడికి వయసు తేడా ఎంత అన్నదానికి నాసా వాళ్లే ఇంకో దృశ్యంలో లెక్క చెప్పారు: ఆరు గంటల ప్రయాణంలో బిలం దగ్గరికి వెళ్లి దాటకుండా వచ్చేస్తే, దూరంగా ఓడలో ఉన్న సహచరుల కంటే 36 నిమిషాలు చిన్నవాడవుతాడు. సగటు బెంగళూరు ట్రాఫిక్ జామ్‌కు కూడా చాలదు.

లోపలి భాగం మూడు నిమిషాలు, రంగురంగుల సొరంగం. ఇక్కడ సమయం విషయంలో రాజీ తప్పదు, ఎందుకంటే అసలు కథ చాలా పొట్టిది. దూరం నుంచి నేరుగా పడితే హద్దు నుంచి కేంద్రానికి పడేవాడి గడియారంలో 28 సెకన్లు. నాసా కెమెరా ముందు దాదాపు రెండు చుట్లు తిరిగి వేరే దారిలో పడుతుంది, దానికి హద్దు దాటిన 12.8 సెకన్లలోనే సాగి చీలిపోయే దశ వస్తుంది. అప్పటికి కేంద్రం ఇంకా 1,28,000 కిలోమీటర్లు. మిగతాది రెప్పపాటు. ఎలా పడ్డా, లోపల రాకెట్ పెట్టి ఎంత గింజుకున్నా ఈ బిలంలో 66 సెకన్లకు మించి దక్కదు. కంగారుపడి రాకెట్ తప్పుగా మండిస్తే ఉన్నదీ తగ్గుతుంది. షోలో మన చేతికి ఒక జాయ్‌స్టిక్ ఇచ్చి “తప్పించుకోవడానికి ప్రయత్నించండి” అంటారు. దానికి ఈ 66 సెకన్ల గడియారాన్ని తగిలించి ఉంటే ఎంత బాగుండేది.

సొరంగం మాత్రం తీసెయ్యాలి. లోపల చీకటిగా కూడా ఉండదు, బయటి కాంతి మనతో పాటే పడుతుంటుంది. ముందున్న నలుపు క్రమంగా పెరిగి ఆఖరి క్షణాల్లో సగం ఆకాశానికి చేరుతుంది. మిగతా ఆకాశం కాంతంతా నడుము చుట్టూ ఒక పట్టీలా పోగై మెరుస్తుంది. గీయడానికి సొరంగం కంటే కష్టమేమీ కాదు, చూడటానికి వందింతలు బాగుంటుంది.

ఇక సాగడం. శరీరం పొడవునా సాగుతుంది, పక్కలనుంచి నలుగుతుంది, రెండూ ఒకేసారి. షోలో సాగడమే ఉంది, నలగడం లేదు. అంతకంటే ముఖ్యం, దాన్ని నలభై సెకన్లపాటు అరుపులతో లాగారు. తలకూ పాదాలకూ మధ్య భూమి గురుత్వానికి పది రెట్ల తేడా మొదలయ్యాక నేరుగా పడేవాడికి కేంద్రం దాకా పట్టేది సెకనులో పదో వంతు. బిలం బరువు ఎంతైనా ఈ అంకె మారదు, మొదలయ్యే చోటు మాత్రమే మారుతుంది. పాదం నొప్పి కబురు మెదడుకు చేరడానికే దాదాపు అంతసేపు పడుతుంది. అరిచే తీరిక ఉండదు. ఆ తర్వాత ఇంకో విశ్వంలో పచ్చటి గ్రహం మీద తేలడం ఎవరి స్క్రిప్టో తెలియదు, భౌతికశాస్త్రానిది కాదు.

నిజానికి అసలు బిలం దగ్గర ఇంత దూరం రాకముందే చుట్టూ ఉన్న వేడి ప్లాస్మా, రేడియేషన్ పని ముగించేస్తాయి. దాన్ని పట్టించుకోకపోతే తప్ప షో నడవదు కాబట్టి వదిలేద్దాం.

శబ్దం గురించి రెండు మాటలు. శూన్యంలో గర్జన ఉండదు. శబ్దం కావాల్సిందే అనుకుంటే నిజమైనది ఒకటి చేతిలోనే ఉంది. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని లైగో పరికరాలు పట్టిన, రెండు బిలాలు కలిసినప్పుడు పుట్టిన గురుత్వ తరంగం సెకనులో ఐదో వంతు కాలంలో 35 నుంచి 250 హెర్ట్జ్ దాకా ఎగబాకింది, మన చెవికి అందే స్థాయే. కదిలించిన బిలం కాసేపు కంపించి సద్దుమణుగుతుందన్న లెక్కను 1970లోనే వేసింది భౌతికశాస్త్రవేత్త సి.వి. విశ్వేశ్వర; రెండు బిలాలు కలిసి పుట్టిన కొత్త బిలమూ అలాగే కంపిస్తుంది. చౌడయ్య రోడ్డులోని నెహ్రూ ప్లానెటేరియానికి వ్యవస్థాపక డైరెక్టర్ ఆయనే. ఆయన ఊళ్లో బ్లాక్ హోల్ షో పెట్టి సింహం గర్జన రికార్డు వెయ్యడం ఏం బాగుంటుంది?

తెలుగు వ్యాఖ్యానం పౌరాణిక నాటకంలా ఉంది. “కృష్ణబిలం సమస్తాన్నీ పీల్చేస్తుంది” అని నాలుగుసార్లు వినిపిస్తుంది. పీల్చడం ఏమీ ఉండదు. సూర్యుడి స్థానంలో అంతే బరువున్న బిలం పెడితే దాని హద్దు 3 కిలోమీటర్ల వ్యాసార్థం, భూమి ఇప్పటి కక్ష్యలోనే తిరుగుతుంటుంది. మరీ దగ్గరికి, ఈ పెద్ద బిలానికైతే 3.8 కోట్ల కిలోమీటర్ల లోపలికి పోతేనే స్థిరమైన కక్ష్య కుదరదు. వ్యాఖ్యానం వాల్యూమ్ విడిగా తగ్గించవచ్చు, హెడ్‌సెట్ కుడి వైపు బటన్.

వెళ్లాలా? పెద్ద బిలం, కుర్చీ సున్నా, వ్యాఖ్యానం బంద్ అనుకుంటే మొదటి ఆరు నిమిషాల కోసం వెళ్లొచ్చు. బొమ్మకు ఐదుకు మూడున్నర, కుర్చీకి ఒకటి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు గమనించండి: హెడ్‌సెట్ కంపెనీలే పదేళ్ల లోపు వాళ్లకు వద్దంటాయి, ఇక్కడ మాత్రం ఎవరూ వయసు అడగరు. మూర్ఛ ఉన్నవాళ్లు ఆ గాజు మెరుపు కారణంగా అసలు వద్దు. భోంచేసిన వెంటనే కూర్చోకండి.

డబ్బు దండగ అనిపిస్తే ఇంట్లోనే నాసా 360 డిగ్రీల వీడియో యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు. బ్రౌజర్‌లో కాకుండా యాప్‌లో తెరవండి, క్వాలిటీ ఆటోలో వదలకుండా అందుబాటులో ఉన్న అన్నిటికంటే పెద్ద అంకె చేత్తో ఎంచుకోండి, గది లైట్లు ఆర్పండి. ఫోన్ తిప్పితే దృశ్యం తిరగకపోతే ఫోన్‌లో గైరో సెన్సార్ లేనట్టే, అప్పుడు వేలితో జరపాలి. తిరిగే కుర్చీలో కూర్చుని చూడండి, మోటార్ లేనిదైతే చాలు.